ఇల్లు కట్టే చోట మరుగుదొడ్డి ఎవరి బాధ్యత?

కర్నూలు చుట్టూ వేస్తున్న కొత్త వెంచర్లలో ఇల్లు మొదలయ్యే వరస దాదాపు ఒకేలా ఉంటుంది. భూమిపూజ అవుతుంది. బోరు వేస్తారు, సంపు కడతారు. సిమెంటు బస్తాలు తడవకుండా ఒక రేకుల షెడ్డు, ఇనుముకు కాపలా ఉండే వాచ్‌మన్‌కు ఒక గది వేస్తారు. ఆ తర్వాతే ముగ్గు పోసి పునాదులు తీస్తారు. స్లాబ్ పడ్డాక దాని మీద మడులు కట్టి కనీసం వారం రోజులు నీళ్లు నిలబెడతారు. మడి ఒక్క పూట ఆరిపోయినా ఇంటాయన మేస్త్రీకి ఫోన్ చేస్తాడు. ఇంత పద్ధతిగా సాగే పనిలో, ఆ పని చేసే పది పదిహేను మంది ఒంటికి, రెంటికి ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న మాత్రం ఏ దశలోనూ రాదు. మగవాళ్లు పక్కన ఖాళీ ప్లాటు చూసుకుంటారు. ఆడవాళ్లు పొద్దున సైటులో దిగగానే కంపచెట్లు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుంటారు.

నీళ్లు ఉన్నాయి, స్థలం ఉంది. నాలుగు రేకులు, ఒక బేసిన్ కొనలేని పరిస్థితీ ఎవరికీ ఉండదు. ఎస్టిమేట్‌లో ఆ లైను లేదు, అందుకే సైటులో ఆ గది లేదు. మామూలుగా ఇంటాయన చదరపు అడుగుకు ఇంత అని మేస్త్రీకి గుత్తకు ఇస్తాడు. సామాను ఇంటాయనది, మనుషులు మేస్త్రీ మనుషులు. మరుగుదొడ్డి సామాను కిందికి రాదు, కూలి కిందికీ రాదు. కట్టించాల్సింది ఇంటాయనే అని మేస్త్రీ అనుకుంటాడు. తన మనుషుల సంగతి మేస్త్రీయే చూసుకుంటాడని ఇంటాయన అనుకుంటాడు. అపార్ట్‌మెంట్ అయితే బిల్డరు, లేబర్ కాంట్రాక్టరు, గోడలు కట్టే బేల్దారి మేస్త్రీ, కాంక్రీటు పోయడానికి చెక్కల అచ్చు కట్టే సెంట్రింగ్ మేస్త్రీ, ఇనుము వంచే రాడ్ బెండింగ్ గ్యాంగు అంటూ వరస ఇంకా పొడవు. వరస పెరిగేకొద్దీ బాధ్యత ఎవరి చేతికీ చిక్కదు.

చట్టంలో ఈ అయోమయం లేదు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే వచ్చింది. అందులో 33వ సెక్షన్ ప్రకారం కార్మికులు ఎప్పుడైనా సులువుగా వెళ్లగలిగే చోట తగినన్ని మరుగుదొడ్లు, మూత్రశాలలు యజమానే ఏర్పాటు చేయాలి. కార్మికులు 50 మందికి తక్కువ ఉన్నచోట మూత్రశాలలు విడిగా కట్టకపోయినా ఫర్వాలేదు. అంటే మినహాయింపు మూత్రశాలలకే. చాలామంది దీన్ని ‘50 మంది లేకపోతే ఏమీ కట్టనక్కర్లేదు’ అని చెప్పుకుంటున్నారు. అది తప్పు, మరుగుదొడ్డి అప్పుడు కూడా ఉండి తీరాలి. తాగేనీటి గురించి చెప్పే 32వ సెక్షన్‌లో ఇంకో షరతు ఉంది: నీళ్లు తాగే చోటుకు, కడుక్కునే చోటు, మూత్రశాల, మరుగుదొడ్డి 6 మీటర్ల లోపు ఉండకూడదు. కార్మికులు సైటులోనే కాపురం ఉంటే వాళ్లకు ఉచితంగా వసతి ఇవ్వాలని, అందులో వంటకు, స్నానానికి, బట్టలు ఉతుక్కోవడానికి, మరుగుదొడ్డికి విడివిడిగా చోటు ఉండాలని 34వ సెక్షన్ చెబుతుంది.

ఈ చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు మరుగుదొడ్డి ఎలా ఉండాలో కూడా రాశాయి. పైన కప్పు ఉండాలి. లోపల ఉన్నవాళ్లు బయటికి కనబడకుండా అడ్డుగోడలు, సరిగా పడే తలుపు, గడియ ఉండాలి. వెలుతురు ఉండాలి. నీళ్లు లోపల గానీ, ఆనుకొని గానీ అందాలి. నాలుగు నెలలకు ఒకసారి సున్నం గానీ రంగు గానీ వేయాలి. ఆడవాళ్లూ మగవాళ్లూ పనిచేసే చోట ఏది ఎవరిదో ఎక్కువమందికి వచ్చిన భాషలో బోర్డు రాసి, దాని మీద ఆడమనిషి, మగమనిషి బొమ్మ కూడా వేయాలి. చదువు రానివాళ్లను, ఒడిశా, బిహార్ నుంచి వచ్చి ఇక్కడ సెంట్రింగ్, ఇనుము పని చేసేవాళ్లను తలుచుకుంటే ఆ బొమ్మ ఎందుకో తెలుస్తుంది.

గడియ మాట కాస్త ఆగి చెప్పుకోవాలి. సైటులో మరుగుదొడ్డి ఉన్నచోట కూడా చాలాసార్లు తలుపు స్థానంలో సిమెంటు సంచులు కుట్టిన పరదా వేలాడుతుంటుంది. గాలికి అది లేస్తుంది. ఆ గదిలోకి ఒక ఆడమనిషి వెళ్లాలంటే ఇంకొకామె బయట కాపలా నిలబడాలి. ఒకరి పని ఆగడానికి బదులు ఇద్దరి పని ఆగుతుంది, మేస్త్రీ అరుస్తాడు, మరుసటి రోజు నుంచి ఇద్దరూ మళ్లీ కంపచెట్ల వైపే వెళ్తారు. మరుగుదొడ్డి కట్టించినా వాడడం లేదని యజమానులు చేసే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది లేని గడియే.

2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1996 చట్టం వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో కలిసిపోయింది. పాత నియమాలు కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు, కొత్తవి వాటి చోటుకు వచ్చేదాకా సాగుతాయి. కాబట్టి ‘చట్టం పోయింది’ అని ఎవరైనా అంటే నమ్మక్కర్లేదు. కోడ్‌లోని 23వ సెక్షన్ పురుషులకు, స్త్రీలకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా మరుగుదొడ్లు, మూత్రశాలలు ఉండాలని, వాటిని శుభ్రంగా ఉంచాలని చెబుతుంది. 24వ సెక్షన్ కడుక్కోవడానికి, స్నానానికి ఏర్పాట్లు అడుగుతుంది. 50 మంది కార్మికులు దాటితే పసిపిల్లలకు శిశుసంరక్షణ గది కూడా రావాలి.

బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ముఖ్యమైన జవాబు ఇదే కోడ్‌లోని 53వ సెక్షన్‌లో ఉంది. ఇంతకుముందు కాంట్రాక్టు కార్మికుల చట్టం కింద ఈ వసతులు మొదట కాంట్రాక్టరు ఇవ్వాలి, అతను ఇవ్వకపోతేనే అసలు యజమాని ఇచ్చి ఆ ఖర్చు అతని దగ్గర రాబట్టుకోవాలి. కొత్త కోడ్ ఈ మధ్య మెట్టు తీసేసింది. కాంట్రాక్టు కార్మికులకు మరుగుదొడ్డి, కడుక్కునే చోటు, మిగతా సంక్షేమ వసతులు అసలు యజమానే నేరుగా ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులు 50 మంది, అంతకు మించి ఉన్న చోట ఇది వర్తిస్తుంది. కర్నూలు, నంద్యాల, కడప పట్టణాల్లో అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డర్లు ‘లేబర్ అంతా కాంట్రాక్టరుదే’ అని ఇన్నాళ్లూ చెప్పిన మాట ఇక చెల్లదు. ఈ మార్పు మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

చిన్న ఇళ్ల దగ్గర మాత్రం చట్టం చేయి అందదు. పదిమంది కంటే తక్కువ కార్మికులున్న నిర్మాణం దాని పరిధిలోకి రాదు. సొంతంగా ఉండటానికి కట్టుకునే ఇంటి ఖర్చు 1996 చట్టంలో 10 లక్షల లోపు అయితే మినహాయింపు ఉండేది. కోడ్‌లో ఆ హద్దు 50 లక్షలకు పెరిగింది. కల్లూరు వైపు గానీ నంద్యాల రోడ్డులో గానీ లేస్తున్న మామూలు ఇళ్లలో ఎక్కువ భాగం ఈ మినహాయింపులో పడిపోతాయి. ఇక పెద్ద భవనాల యజమానులకు ఇంకో భ్రమ ఉంది. ప్లాను మంజూరప్పుడు నిర్మాణ వ్యయంలో ఒక శాతం లేబర్ సెస్సు కడతారు కాబట్టి కార్మికుల బాగోగులు ఇక ప్రభుత్వానివే అనుకుంటారు. ఆ డబ్బు సంక్షేమ బోర్డుకు వెళ్తుంది. పేరు నమోదు చేసుకున్న కార్మికుల సంక్షేమ పథకాలకు అది వాడాలి. ఆ సైటులో మరుగుదొడ్డి కట్టడానికి అందులోంచి రూపాయి రాదు.

మరుగుదొడ్డి లేకపోవడం వల్ల జరిగే నష్టం మొదట నీళ్ల దగ్గర కనబడుతుంది. మాలు (కలిపిన సిమెంటు) అందించే, ఇటుకలు మోసే ఆడవాళ్లు పొద్దున ఇంట్లో బయలుదేరే ముందు నీళ్లు తగ్గించేస్తారు. మధ్యాహ్నం సద్ది తిన్నాక గొంతు తడుపుకునేంత తాగుతారు. సాయంత్రం ఇంటికి చేరాక చెంబెడు తాగుతారు. ఇది వాళ్లు ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేని లెక్క. కర్నూల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో తట్ట మోసే ఒంటికి మామూలు కంటే ఎన్నో రెట్లు నీళ్లు కావాలి. తాగకపోతే మూత్రం చిక్కబడి మంట వస్తుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, ఏళ్ల మీద రాళ్లు కడతాయి. ఆపుకొన్నకొద్దీ ఇన్‌ఫెక్షన్ ముదిరి కిడ్నీల దాకా పోతుంది. గర్భిణి అయితే బిడ్డకూ ముప్పే. ఒంట్లో నీళ్లు లేని మనిషికి వడదెబ్బ తొందరగా తగులుతుంది. వేసవిలో సైటులో మజ్జిగ ప్యాకెట్లు, ఓఆర్‌ఎస్ పంచుతారు, మంచిదే. అయితే తాగినవాళ్లకు వెళ్లే చోటు లేకపోతే ఆడవాళ్లు ఆ ప్యాకెట్టు పిల్లలకని మూటలో దాచుకుంటారు. సైటులో మరుగుదొడ్డి పనికొస్తోందో లేదో తేల్చుకోవడానికి తనిఖీ పుస్తకం తిరగేయాల్సిన పని లేదు. ఆడవాళ్లు మధ్యాహ్నం లోపు నీళ్లు తాగుతున్నారా అని చూస్తే చాలు.

నెలసరి రోజుల సంగతి పాత నియమాల్లో వివరంగా లేదు. యజమానికి మాత్రం అది పెద్ద పని కాదు. లోపల ఒక కొక్కెం, మూత ఉన్న బుట్ట, రెండు బకెట్ల నీళ్లు, సబ్బు ఉంటే సరిపోతుంది. ఇవి లేని చోట ఆ రోజుల్లో పనికి రావడమే మానేస్తారు, కూలి పోగొట్టుకుంటారు.

కర్నూలు నేలలో మరుగుదొడ్డి కట్టడానికి కొన్ని జాగ్రత్తలు కావాలి. ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, నీళ్లను నెమ్మదిగా పీలుస్తుంది. మామూలు ఇంకుడు గుంత వానాకాలంలో నిండి పైకి తేలుతుంది. గుంత కాస్త పెద్దది తీసి, చుట్టూ ఇసుక, ఇటుక ముక్కలు నింపితే చాలావరకు తట్టుకుంటుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల వైపు సున్నపురాయి. అక్కడ రాతి పగుళ్లలోంచి మురుగు ఎటు పోయి ఎవరి బోరులో తేలుతుందో చెప్పలేం. అలాంటి చోట గుంత తీయకుండా నీళ్లు కారని ట్యాంకు పెట్టి, నిండినప్పుడు లారీతో తీయించడమే పద్ధతి. గోడలకు మాత్రం ఈ ప్రాంతంలో కొరత లేదు. బేతంచెర్ల బండలో, కడప బండలో మూడు పక్కలా నిలబెట్టి పాతితే గోడ అవుతుంది. పైన రేకు, ముందు గడియ ఉన్న తలుపు. పని అయిపోయాక అవే బండలు ఇంటి ముందు పరుచుకోవచ్చు. బండలు పేర్చిన చోట తేళ్లు చేరతాయి కాబట్టి కిందంతా గచ్చు చేసి సందులు మూయాలి, లోపల లైటు ఉండాలి. ఆ లైటుకు సైటు మోటారు నుంచి అతుకుల వైరు లాగితే తడి చేతులకు కరెంటు కొడుతుంది. లీకేజీ వస్తే దానంతట అదే ట్రిప్ అయ్యే బ్రేకరు పెట్టాలి, లేదంటే చార్జింగ్ లైటు వాడాలి.

సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇంతకంటే సులువైన దారి ఉంది. ఎటూ కట్టబోయే సెప్టిక్ ట్యాంకు, బయటి బాత్రూమ్ ముందే కట్టేసి పని అయ్యేదాకా కార్మికులకు వదిలేయడం. దీనికి అడ్డొచ్చేది ఖర్చు కాదు. గృహప్రవేశం కాకముందే కొత్తింట్లో ఎవరెవరో మరుగుదొడ్డి వాడటమేమిటన్న పట్టింపు. ఆ ‘ఎవరెవరో’ అన్న మాటలో కులం ఉంది, ఎంగిలి భావన ఉంది. దాన్ని కప్పిపుచ్చి మాట్లాడటం వల్ల మేలు లేదు. ఆ ఇంటి పునాది నుంచి పిట్టగోడ దాకా ప్రతి ఇటుకా ఆ చేతుల మీదుగానే వచ్చింది. అంతగా మనసొప్పకపోతే పని అయ్యాక బేసిన్ మార్చుకోవచ్చు, టైల్స్ అప్పుడే వేయించుకోవచ్చు. ఆ కారణంతో ఏడాది పాటు పదిమందిని కంపచెట్ల చాటుకు పంపడం మాత్రం అన్యాయం.

కడుక్కునే చోటును అందరూ మరుగుదొడ్డికి తోక లాగా చూస్తారు. సిమెంటుతో పనిచేసేవాళ్లకు అదీ అంతే అవసరం. తడి సిమెంటులో క్షారం చాలా ఎక్కువ, చర్మాన్ని నెమ్మదిగా కాలుస్తుంది. అందులో ఉండే క్రోమియం వల్ల కొందరికి ఎలర్జీ మొదలవుతుంది. ఒకసారి పట్టుకుంటే సిమెంటు ముట్టినప్పుడల్లా చేతులు పగిలి రసి కారతాయి. చాలామంది బేల్దార్లు దాన్ని పని జబ్బుగా గుర్తించరు, కొబ్బరినూనె రాసుకొని ఊరుకుంటారు. సైటులో చేతులు కడిగేది క్యూరింగ్ డ్రమ్ములో, అంటే కట్టడాన్ని తడపడానికి నీళ్లు పట్టిన డ్రమ్ములో. తాపీలు, బొచ్చెలు కడిగేదీ అందులోనే, అంటే ఆ నీళ్లలోనే సిమెంటు ఉంది. అదే చేత్తో అన్నం కలుపుకుంటారు. ఒక పక్కన కుళాయి ఉన్న డ్రమ్ము, తాడుకు కట్టిన సబ్బు ఉంటే చాలావరకు తప్పుతుంది. కంట్లో సిమెంటు పడినప్పుడు ఆసుపత్రికి పరుగెత్తే ముందు అక్కడే మంచినీళ్లతో కనీసం పావుగంట కడగాలి. ఆ పావుగంట నీళ్లు ఎక్కడున్నాయో సైటులో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి.

అన్నిటికంటే ప్రాణాంతకమైంది సెప్టిక్ ట్యాంకు. వాడుతున్న ట్యాంకులో విషవాయువులు ఉంటాయని ఇప్పుడు కొంత తెలిసింది. మురుగు ట్యాంకుల్లోకి మనుషుల్ని రక్షణ లేకుండా దించడాన్ని 2013లో వచ్చిన పాకీపని నిషేధ చట్టం కుదరదంది. మురుగు కాల్వల్లో దిగి చనిపోయిన వారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో చెప్పింది. కానీ ఇంకా వాడని, కొత్తగా కట్టిన ట్యాంకు కూడా చంపుతుందని చాలామందికి తెలియదు. ట్యాంకు పైకప్పుకు సెంట్రింగ్ కొట్టి కాంక్రీటు పోస్తారు. చిన్న మూత రంధ్రం తప్ప అంతా మూసుకుపోతుంది. కొన్ని వారాలు అలాగే ఉంటుంది. లోపల వాననీళ్లు, క్యూరింగ్ నీళ్లు నిలుస్తాయి, చెక్కలు నాని కుళ్లుతాయి. ఆ కుళ్లు లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది, విషవాయువులూ పుడతాయి. వాసన రావాలని లేదు. చెక్కలు విప్పడానికి దిగిన మనిషి రెండు మూడు నిమిషాల్లో పడిపోతాడు. పిలిస్తే పలకడం లేదని ఇంకొకడు దిగుతాడు, వాణ్ని లాగడానికి మూడోవాడు. ఒకే ఇంటి అన్నదమ్ములు, తండ్రీకొడుకులు ఇలా ఒకరి వెంట ఒకరు పోయిన వార్తలు దేశమంతటా వస్తూనే ఉన్నాయి.

దీనికి మంచి విరుగుడు సెంట్రింగే లేకుండా చేయడం. ట్యాంకు పైకప్పును విడి విడి పలకలుగా బయట పోసి, ఆరాక పైన పేర్చవచ్చు. లేదా ఈ ప్రాంతంలో పాత ఇళ్లకు చేసినట్టు మందమైన బండలే కప్పవచ్చు. అప్పుడు లోపలికి దిగాల్సిన పనే పుట్టదు. సెంట్రింగ్ తప్పనిసరైతే రెండు పక్కలా మూతలు వదలాలి. విప్పే ముందు మోటారుతో నీళ్లు తోడేసి, రెండూ తెరిచి, బ్లోయరుతో గాలి బాగా కొట్టాలి, గాలి కొలిచే మీటరు ఉంటే పెట్టి చూడాలి. దిగే మనిషి నడుముకు తాడు ఉండాలి, పైన ఇద్దరు ఆ తాడు పట్టుకొనే ఉండాలి. దీపం దించి చూడటం పాత అలవాటు. లోపల మీథేన్ ఉంటే ఆ దీపంతోనే అది అంటుకొని పేలుతుంది. లోపల మనిషి పడిపోతే వెంట ఎవరూ దిగకూడదు. తాడుతో లాగాలి, గాలి కొట్టాలి, 101కి, 108కి ఫోన్ చేయాలి. ఈ మాట సెంట్రింగ్ గ్యాంగుకు పని మొదలవక ముందే, వాళ్ల భాషలో చెప్పాలి. తవ్వి వదిలేసిన ట్యాంకు గుంత చుట్టూ కంచె లేకపోతే వాచ్‌మన్ పిల్లలకు అదే గండం.

పెద్ద పనుల దగ్గర సమస్య దూరంతో వస్తుంది. గని, శకునాల ఊళ్ల దగ్గరి 1000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు 6 వేల ఎకరాల్లో ఉంది. అంత విస్తీర్ణంలో పని జరిగేటప్పుడు ఆఫీసు గేటు దగ్గర ఎంత మంచి మరుగుదొడ్డి కట్టినా కిలోమీటర్ల అవతల స్తంభాలు పాతేవారికి అది లేనట్టే. జాతీయ రహదారుల పనుల్లో గ్యాంగు రోజూ ముందుకు జరుగుతుంది, మరుగుదొడ్డి కూడా చక్రాల మీద వాళ్ల వెంట జరగాలి. అపార్ట్‌మెంటులో ఇదే దూరం నిలువుగా ఉంటుంది. ఆరో అంతస్తులో మాలు మోసే మనిషి కిందికి దిగి మళ్లీ ఎక్కడానికి పట్టే సమయాన్ని మేస్త్రీ ఒప్పుకోడు. రెండు మూడు అంతస్తులకు ఒకటి చొప్పున తాత్కాలిక మరుగుదొడ్డి పెడితేనే చట్టం అడిగిన ‘సులువుగా వెళ్లగలిగే చోటు’ అవుతుంది. కోసిగి, కౌతాళం వైపు నుంచి సుగ్గికి, అంటే పనుల వలసకు, బెంగళూరు వెళ్లి అపార్ట్‌మెంట్లలో పనిచేసి వచ్చే కుటుంబాలు సైటులోనే గుడిసెల్లో ఉంటాయి. వాళ్లకు పగటి కంటే రాత్రి కష్టం ఎక్కువ. గుడిసె నుంచి మరుగుదొడ్డి దాకా దారంతా లైటు ఉండాలి.

శుభ్రం చేసేది ఎవరన్నది ముందే తేల్చకపోతే కట్టిన నెలకే ఆ గది పాడుపడుతుంది. మాలు అందించే ఆడవాళ్లలో చిన్నదాన్ని పిలిచి ‘కడిగెయ్’ అనడం చాలా సైట్లలో అలవాటు. దానికి విడిగా మనిషిని పెట్టి, విడిగా కూలి ఇచ్చి, చేతి తొడుగులు, ఫినాయిల్ ఇవ్వాలి.

ఇదంతా కాగితం మీదికి రావాల్సిన చోటు మేస్త్రీతో, లేబర్ కాంట్రాక్టరుతో రాసుకునే ఒప్పందం. కర్నూల్లో గుత్త డబ్బు దశల వారీగా ఇస్తారు: బేస్‌మెంటుకు ఇంత, లింటల్‌కు ఇంత, స్లాబ్‌కు ఇంత. బేస్‌మెంటు కంటే ముందు ఇంకో దశ చేర్చవచ్చు. గడియ ఉన్న మరుగుదొడ్డి, కుళాయి ఉన్న డ్రమ్ము సిద్ధమైతేనే మొదటి వాయిదా. సామాను ఇంటాయన ఇస్తాడు, కట్టే కూలి మేస్త్రీకి విడిగా కడతాడు, వారానికి ఇన్నిసార్లు కడిగించే ఖర్చు ఎవరిదో అందులోనే రాసుకుంటారు. పెద్ద భవనాల ప్లాను మంజూరు చేసేటప్పుడు నగరపాలక సంస్థ వాళ్లు లేబర్ సెస్సు రసీదుతో పాటు తాత్కాలిక మరుగుదొడ్డి ఎక్కడ వస్తుందో చూపే గీత కూడా అడగవచ్చు. పునాది తనిఖీకి వచ్చిన ఇంజనీరు ఆ గది తలుపు ఒకసారి వేసి తీసి చూడటానికి అదనంగా పట్టేది ఒక్క నిమిషం.